జగ్గరాజు దొర తోటలో దీపాలు

పూలతోట చీకటిపడ్డాక కూడా కనబడాలని జగ్గరాజు దొరకి సరదా పుట్టింది. గూడెంలో ఇంటింటి నూనె ఆ తోట దీపాలకే పోయింది. చీకటింట్లో పాము కరిచి తోటమాలి సింహాద్రి చచ్చిపోయాడు. శవం తలాపున దీపం పెడదామన్నా అతని పెళ్లాం గవరమ్మకి చుక్క నూనె దొరకలేదు.

తోటపని తెలిసిన మనిషని, మైల తీరగానే దొర ఆమెను పిలిపించాడు.

"ఏమే, ఇన్ని దీపాలు పెట్టించినా వసారాలోంచి చూస్తే తోట నల్లగానే ఉందేం?"

"తమరు వెలుగులో కూచున్నారు దొరా, అందుకే అవతల కనబడదు. వసారాలో దీపాలు ఆర్పించండి."

ఆర్పించాడు. తోట బంగారంలా మెరిసింది. దొర మురిసిపోతుండగా కాళ్ల దగ్గర ఏదో సరసరా పాకింది.

"పాము! దీపం తెండి!"

"మా ఆయనా ఇలాగే అరిచాడు దొరా. నూనంతా మీ తోటలో ఉంది," అంది గవరమ్మ, చేతిలోని ఎండు తాటాకు మెల్లిగా వెనక్కి లాక్కుంటూ.

మర్నాడే గూడేనికి నూనె కుండలు తిరిగొచ్చాయి. సింహాద్రి పడుకునే చోట గవరమ్మ దీపం పెట్టింది. ఆ వెలుగులో, గోడవార పాము దూరిన కన్నం స్పష్టంగా కనబడింది.