పేర్రాజు మెడలో దండ

గోదావరి గట్టున ఆశ్రమం నడిపే విమలానందులవారికి ఒక అలవాటు ఉండేది. ప్రతి గురువారం భోజనం కాగానే సంచిలో నోటు పుస్తకం వేసుకుని బస్సెక్కి పట్నం వెళ్లేవారు. అక్కడి లైబ్రరీ హాల్లో సుభాషిణి అనే మానసిక వైద్యురాలు దిగులు గురించీ, ఆందోళన గురించీ, అయినవాళ్లు పోయిన దుఃఖం ముదిరి జబ్బయ్యే తీరు గురించీ రోగుల ఇంటివాళ్లకు చెప్పేది. డెబ్బై రెండేళ్ల స్వామివారు వెనక బెంచీలో కూర్చుని రాసుకునేవారు. అర్థం కాకపోతే బడిపిల్లాడిలా చెయ్యెత్తేవారు.

మా ఆశ్రమంలో కొందరికి ఇది తల కొట్టేసినట్టుండేది. చివరికి వామనుడనే శిష్యుడు ఉండబట్టలేక అడిగేశాడు.

"స్వామీ, మాకు ఉపనిషత్తులు చెప్పిన మీరు ఆ డాక్టరమ్మ ముందు కూర్చోవడమేమిటి? మనసు గురించి మీకు తెలియనిది ఆవిడకేం తెలుసు?"

స్వామివారు కోప్పడలేదు. పేర్రాజు సంగతి చెప్పారు.

పేర్రాజుది పూతరేకుల వ్యాపారం. బోర్లించిన వేడి కుండ మీద భార్య రేకులు తీస్తే, ఆయన నెయ్యీ పంచదారా వేసి చుట్టేవాడు. ముప్పై ఏళ్లు అలా పక్కపక్కనే కూర్చున్నారు. ఆవిడ పోయిన నెలకి ఆయన కుండను ఎవరికో ఇచ్చేసి ఆశ్రమానికి రావడం మొదలుపెట్టాడు. ఎవరితోనూ మాట్లాడడు. విస్తరి ముందు కూర్చుని రెండు ముద్దలతో లేచిపోతాడు. ఏది ఇచ్చినా వద్దంటాడు. స్వామివారు మురిసిపోయి, గురుపూర్ణిమ నాడు నిండు సభలో ఆయన మెడలో దండ వేసి, "వైరాగ్యమంటే ఇదీ, చూసి నేర్చుకోండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రోజు తల్లిని తీసుకుని సుభాషిణి కూడా వచ్చింది. చప్పట్లు ఆగాక వెళ్లి పేర్రాజు పక్కన చాప మీద కూర్చుంది.

"బాబాయిగారూ, రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"

పేర్రాజు ఆమె వంక చూశాడు. "మూణ్ణెల్లయిందమ్మా పట్టి. పొద్దున్నే లేవకుండా పోతే బాగుణ్ణనిపిస్తోంది" అని, దండ మెడలో ఉండగానే భోరుమన్నాడు.

ఆమె ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. ఆయన చెల్లెలికి కబురు పెట్టించి, తనే ఆస్పత్రికి తీసుకెళ్లింది. మందులిచ్చింది. వారం వారం కూర్చోబెట్టి పోయిన భార్య గురించే మాట్లాడించింది. అయిదో నెలలో పేర్రాజు ఆశ్రమానికొచ్చి, పులిహోరలో ఉప్పు లేదని వంటాయన మీద కేకలేశాడు.

"ఆ కేకలు విని నాకు ప్రాణం లేచొచ్చింది" అన్నారు స్వామివారు. "ఆ వచ్చిన గురువారమే నోటు పుస్తకం కొన్నాను."

వందలమంది కాళ్లకు మొక్కే మనిషి తన పొరపాటును ఇలా దాచుకోకుండా చెప్పడం నేను మరెక్కడా చూడలేదు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపైంది. వామనుడు తల వంచుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"మరి ఇప్పుడు ఎవరిదైనా వైరాగ్యమని ఎలా గుర్తుపడతారు స్వామీ?"

స్వామివారు సంచి భుజాన వేసుకుని లేచారు.

"ముందు నిద్ర పడుతోందా అని అడుగుతాను నాయనా."