గవరయ్య పనస కబురు

కాకులు తెల్లగా ఉండేవని పెద్దలు చెప్పుకునే కాలానికి కాస్త ఇవతల, మన కాలానికి బాగా అవతల, నీలాటిపేట అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఒక పరోపకార సంఘం. ఆ సంఘానికి పెంకుల కప్పు హాలు, పన్నెండు బల్లలు, ఒక ఇత్తడి గంట. ఆ గంట మోగితే సముద్రంలో చేపలు తలెత్తి చూసేవి. చూడకపోతే ఆ తప్పు చేపలది.

ప్రతి గురువారం పొద్దు వాలే వేళకి సభ్యులు చేరేవారు. గంట చేతులు మారేది. ఎవరి చేతికొస్తే వాళ్ళు దాన్ని ఒకసారి మోగించి ఇంటి కబురు చెప్పాలి. పిల్లకి సంబంధం కుదిరిందనో, గేదె ఈనిందనో, నూతిలో నీళ్ళు పడ్డాయనో. కబుర్లన్నీ అయ్యాకే పైఊరి అతిథి లేచి ప్రసంగం చెయ్యాలి. అదీ కట్టుబాటు.

బల్లలు వేసేది గవరయ్య. టీ కాచేది గవరయ్య. అందరికీ గ్లాసులందించి, కెటిలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఊఁ కొట్టేదీ గవరయ్యే.

ఊఁ అంటే అల్లాటప్పా ఊఁ కాదు! సంతోషానికొక ఊఁ, దుఃఖానికొక ఊఁ, కోతలకొక ఊఁ. ఆ ఊఁ వింటే మూగనోములు పట్టినవాళ్ళకి మాటలొచ్చేవి. తేనెటీగల గురించి చెప్పడానికి వచ్చిన పిరికి మాస్టారు ఎంత ఊపుగా చెప్పాడంటే, తేనెటీగలే వచ్చి కిటికీల మీద వాలి విన్నాయి. వానల గురించి చెప్పినాయన ముగించేసరికి వీధంతా తడిసిపోయింది. నవ్వకండి. గొడుగులు తెచ్చుకున్నవాళ్ళు తెచ్చుకున్నారు.

ఆ ఊఁ గవరయ్యకి ఎక్కడిది? పెళ్ళాం పైడమ్మ ఇచ్చింది. కాపరానికొచ్చిన నాటి నుంచి పైడమ్మ అరుగు మీద కూర్చుని కథలు చెప్పేది, గవరయ్య ఊఁ కొట్టేవాడు. ఒకనాడు పైడమ్మ పెరట్లో పనస గింజ పాతింది.

"మావా, ఎప్పుడూ నాను సెప్పడం, నువ్వు ఊఁ కొట్టడమేనేటి? ఈ సెట్టు కాసిన్నాడు నువ్వు కబురు సెప్పు. నాను ఊఁ కొడతాను."

"నాకు సెప్పడం రాదే."

"ఊఁ కొట్టేవోళ్ళుంటే అదే వస్తాది."

ఆ వానల్లోనే జ్వరమొచ్చి పైడమ్మ పోయింది. గింజ మొలిచింది. మొక్కయింది, మానయింది. తొమ్మిదేళ్ళు కాయలేదు. తొమ్మిదేళ్ళూ గవరయ్య ఊరందరి కబుర్లకీ ఊఁ కొట్టి ఇంటికొచ్చి, ఆ చెట్టు మొదట్లో కూర్చుని చెవులు రిక్కించేవాడు. ఆకులు తప్ప ఏదీ పలికేది కాదు.

పదో ఏడు చెట్టు ఒకే ఒక్క పిందె వేసింది. గవరయ్య గుండెలో గంట మోగింది. ఈ కబురు చెప్పాలి. ఎవరో ఒకరు ఊఁ అనాలి. ఆయన కోరిక అంతే, అంతకు మించి ఆవగింజంత కూడా లేదు.

పిందె వేసిన వారం గంట తిరిగింది. గవరయ్య కెటిలు కింద పెట్టి ఒక అడుగు ముందుకేశాడు. సంఘం పెద్ద జగ్గారావు, ఇనుప సామాన్ల కొట్టాయన, "గవరయ్యా, ఇక్కడ టీ లేదయ్యా!" అన్నాడు. గవరయ్య కెటిలు ఎత్తుకున్నాడు.

కాయ పిడికెడైన వారం గంట తిరిగింది. గవరయ్య నోరు తెరిచాడు. అతిథి జట్కా వచ్చింది. "తర్వాత చెబుదువులే," అని జగ్గారావు ఎదురెళ్ళాడు.

కాయ బిందెడైన వారం గంట తిరిగింది. ఆ వారం అతిథి పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి. జరీ కండువా, కిర్రు చెప్పులు. గవరయ్య పలికే లోపే ఆయన లేచి ప్రసంగం మొదలెట్టాడు. గవరయ్య అలవాటుగా ఊఁ కొట్టాడు.

"ఎవరది, మూల నుంచి మూలుగుతున్నది?" అన్నాడు పెద్దమనిషి.

జగ్గారావుకి తల కొట్టేసినట్టయింది. "గవరయ్యా! ఇకనుంచి ఈ హాల్లో నీ గొంతు వినపడకూడదు."

"సిత్తం," అన్నాడు గవరయ్య. ఆ తర్వాత నోరు విప్పలేదు.

ఇక చూడాలి ఆ హాలు! పెద్దమనిషి ప్రసంగం రెండో కాగితం దగ్గరే ఎండిపోయింది. మరుసటి గురువారం సభ్యులు "అంతా బాగే" అని కూర్చున్నారు. ఆ పై గురువారం గంట కూడా మోగనా వద్దా అన్నట్టు మోగింది. గోడ మీది బల్లులు విసుగుపుట్టి పక్కూరికి వలసపోయాయి. తర్వాత పిలిచిన అతిథి రానన్నాడు. ఏం చేస్తారు? ఊళ్ళో ఉన్న మంత్రసాని చిట్టెమ్మని పిలిచారు. ఆ హాల్లో సగం మంది ఆమె చేతిలో పడి భూమ్మీదకొచ్చినవాళ్ళే.

చిట్టెమ్మ లేచింది. నాలుగు మాటలు చెప్పింది. ఆగింది.

"ఏరా జగ్గూ, వీళ్ళందరికీ ఊపిరాడుతోందా? పుట్టినప్పుడు ఒక్కొక్కడూ ఊరెగిరిపోయేలా ఏడ్చారు కదరా! ఊఁ అనేవాడే లేడా?"

జగ్గారావు తల దించుకుని గుమ్మం వైపు చూశాడు. "అనవయ్యా గవరయ్యా."

గవరయ్య అన్నాడు. చిట్టెమ్మ అందుకుంది. ఆవిడ చెప్పిన పురుళ్ళ కథలకి అక్కడున్న మొగాళ్ళందరికీ నడుము నొప్పులొచ్చాయి! చెప్పి చెప్పి, ఆవిడ గంట తీసి గవరయ్య చేతిలో పెట్టింది.

"ఇందరి కబుర్లు మోశావు. నీదేంటి నాయనా?"

అంతలో వీధిలోంచి కేక. "అత్తా, మా యమ్మికి నొప్పులొస్తన్నాయి!" చిట్టెమ్మ పరుగందుకుంది.

గవరయ్య గంట మోగించాడు.

"మా పైడి నాటిన పనస..." అని ఆగాడు.

ఆగింది ఎందుకు? ఊఁ కోసం.

హాలంతా చెవులప్పగించి వింటోంది. ఎవరూ కదల్లేదు, దగ్గలేదు. కదలకుండా కూర్చోవడమే మర్యాద అనుకున్నారు పాపం. ఊఁ అనడం వాళ్ళకెప్పుడూ అవసరం పడలేదు. వాళ్ళ బదులు గవరయ్య అనేవాడు కదా!

గవరయ్య ఒక ముఖం చూశాడు. ఇంకొక ముఖం చూశాడు. మూడో ముఖం చూశాడు. గంట బల్ల మీద పెట్టి చిన్నగా నవ్వాడు.

"టీ సల్లారిపోతాంది బాబూ," అని కెటిలు తీసుకున్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర జగ్గారావు పెళ్ళాం ఏదో చెబుతూ, "ఊఁ అనవేం, గోడకి చెబుతున్నానా?" అంది. జగ్గారావు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గవరయ్య ఎందుకు ఆగాడో అప్పుడు తెలిసింది.

వారమంతా జగ్గారావు కొట్లో మేకులు తూస్తూ ఊఁ నేర్చుకున్నాడు. గురువారం అందరికంటే ముందొచ్చాడు. బల్లలు వేసి లేవు. పొయ్యి రాజేసి లేదు.

అందరూ గవరయ్య ఇంటికెళ్ళారు. దారి అడగక్కర్లేకపోయింది. పనసపండు వాసన ఏడూళ్ళ అవతల నుంచి మనుషుల్ని లాక్కొస్తోంది. గవరయ్య చెట్టుకి ఆనుకుని ఉన్నాడు. చెవి మానుకి ఆనించి ఉంది. ఒళ్ళు చల్లబడి ఉంది.

ఆయన్ని సాగనంపాక, పండుని హాలుకి మోసుకొచ్చారు. ఒక్క పండే. ఊరంతా తిన్నా తొనలు మిగిలాయి. జగ్గారావు గంట మోగించి అన్నాడు.

"మా పైడి నాటిన పనస..."

"ఊఁ," అంది హాలు. పెంకులు అదిరాయి. ఆలస్యమైన ఊఁ కదా, అంత బరువుగానూ ఉంది.

ఆ తర్వాత మాట ఏమిటో ఎవరికీ తెలియదు. కాసింది అనేవాడో, తియ్యగా ఉంది అనేవాడో, చూడకుండా పోయింది అనేవాడో.

ఇప్పటికీ నీలాటిపేటలో గురువారం కబుర్లన్నీ అయ్యాక, అతిథి లేవకముందు, గంట ఇంకొక్కసారి మోగిస్తారు. ఎవరూ ఏమీ చెప్పరు. ఒక మాట పట్టేంతసేపు ఆగి, అందరూ కలిసి ఊఁ అంటారు. ఆ ఊళ్ళో ఎవరైనా కబురు చెబుతుంటే ఎదుటివాడు దిక్కులు చూశాడనుకోండి, పక్కనున్నవాళ్ళు భుజం తట్టి ఒకటే అంటారు.

"ఊఁ అనరా. గవరయ్య ఇంకా ఆగే ఉన్నాడు."