తొంభై ఒకటో మాట

ఘంటసాల రేవులో ఓడ ఎక్కి, సింహళ దేశంలో చదువుకోవాలని వెళ్ళిన ధమ్మిలుడికి తొమ్మిదో రోజుకే మనసు ఇంటి మీదికి మళ్ళింది.

కుర్రాడు లెక్కల్లో దిట్ట. ఓడ దిగకముందే అంతా లెక్క కట్టుకున్నాడు. సింహళ భాష తప్పు లేకుండా మాట్లాడాలంటే ఓ వెయ్యి మాటలు కావాలి. రోజుకు పది చొప్పున వంద రోజులు. నూట ఒకటో రోజున నోరు విప్పితే ఒక్కడు కూడా నవ్వడు. అంతవరకూ పెదవి కదపకూడదు.

కొండ మీది విహారంలో అతనికి ఒక పదాల పట్టిక దొరికింది, తాటాకుల కట్ట. రోజూ తెల్లవారగానే పది మాటలు బట్టీ పట్టేవాడు. నీళ్ళంటే వతుర. ఉప్పంటే లుణు. లెక్క ఎక్కడా తప్పలేదు. తొమ్మిది రోజులకు తొంభై మాటలు లోపలికి వెళ్ళాయి. బయటికి మాత్రం ఒక్కటీ రాలేదు.

తోటి విద్యార్థులు మొదటి రెండు రోజులూ పలకరించారు. జవాబు లేదు. ఇతగాడు మౌనవ్రతం పట్టాడు కాబోలనుకుని, భక్తిగా పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టారు. వంటశాల పెద్ద కిరిబండా అయితే ఎదురుపడ్డప్పుడల్లా చేతులు జోడించేవాడు. ఉప్పు అడగలేదు గనక వ్రతంలో ఉప్పు కూడా కూడదేమోనని, అతనికి వేరుగా చప్పిడి జావ కాచి పోసేవాడు. లుణు అన్న మాట ధమ్మిలుడి నాలుక చివరే ఉంది. చివర్లో సాగదీయాలా, కూడదా అన్నదే తేలలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. తొమ్మిది రోజులూ చప్పిడి జావే తాగాడు.

అతను వచ్చిన ఓడ మర్నాడు తిరిగి వెళ్తుంది. ఇంకో ఓడ రావాలంటే ఏడాది. ఇక్కడ ఇక చదువు సాగదనుకుని ధమ్మిలుడు మూట కట్టుకున్నాడు. సాయంత్రం ఆచార్యుడు రేవత థేరుడి దగ్గరికి వెళ్ళాడు. ఆయనతో ఎప్పుడూ గ్రంథాల భాష అయిన పాలీలోనే మాట్లాడేవాడు.

"భంతే, ఇక్కడ నాతో మాట్లాడే మనిషే లేడు. రేపు ఓడలో వెళ్ళిపోతాను. సెలవిప్పించండి."

పెద్దాయన సరేనన్నాడు. పొద్దున జావ తాగి బయల్దేరమన్నాడు.

మర్నాడు భోజనశాలలో అరవై మంది పంక్తిగా కూర్చున్నారు. కిరిబండా జావ పోయడం ముగించి, తేనె కుండ పట్టుకుని ఆచార్యుడి ముందుకు వచ్చాడు. థేరుడు గిన్నె చాచి, శాలంతా వినబడేలా, తెలుగులో అన్నాడు:

"కాస్త తేలు పొయ్యవయ్యా."

తొమ్మిది రోజులుగా చెవిన పడని సొంత భాష. పడింది, ఇలా పడింది. ధమ్మిలుడు తాగుతున్న జావ ముక్కులోంచి వచ్చింది. నవ్వు ఆపుకుందామంటే ఆగలేదు.

అరవై తలలు ఇటు తిరిగాయి. మౌని నవ్వుతున్నాడు. అదీ ఆచార్యుణ్ణి చూసి. కిరిబండా కుండ కింద పెట్టి, ఎందుకు నవ్వావని కాస్త కటువుగానే అడిగాడు.

చెప్పకపోతే గురువును ఎగతాళి చేసినట్టవుతుంది. ధమ్మిలుడు గబగబా తొంభై మాటలూ తిరగేశాడు. వాటిలో తేనె ఉంది. తేలు లేదు.

ఇక చేసేదేముంది, లేచాడు. ఒక చెయ్యి వీపు వెనకనుంచి తోకలా పైకెత్తి, వేలు కొక్కెంలా వంచి, పక్కపక్కగా నాలుగడుగులు పాకి కిరిబండా భుజం మీద కుట్టాడు. ఆ తర్వాత ఆచార్యుడి గిన్నె చూపించి, అదే తేలును గటగటా తాగినట్టు అభినయించాడు.

అందరూ ఆచార్యుడి గిన్నె వంక చూశారు. ఆ మీదట శాల కప్పు ఎగిరిపోతుందేమో అన్నంతగా నవ్వారు.

"గోనుస్సా," అన్నాడు కిరిబండా కళ్ళు తుడుచుకుంటూ.

ధమ్మిలుడు ఆ మాట పలికాడు. అలా కాదని నలుగురు ఒకేసారి దిద్దారు. రెండోసారి ఇంకా ఘోరంగా వచ్చింది. మళ్ళీ నవ్వారు, అతనూ నవ్వాడు. సగం మాటలూ సగం సైగలతో, వ్రతం ఎప్పుడు ముగిసిందని కిరిబండా అడిగాడు. ఏ వ్రతమని ఇతను అడిగాడు. ఆ సంగతి తేలేసరికి ధమ్మిలుడు గిన్నె ముందుకు తోసి, ఎలా వస్తే అలా అన్నాడు: "లుణు."

మధ్యాహ్నం రేవులో శంఖం ఊదారు. రెండోసారీ ఊదారు. ధమ్మిలుడు వంటశాలలో కూరలు తరుగుతూ, ఒక్కో కాయా ఎత్తి చూపించి దాని పేరు అడుగుతున్నాడు. ఓడ సంగతి గుర్తొచ్చేసరికి అది నీళ్ళ మీద చుక్కంత అయింది.

మూట విప్పేసి ఆచార్యుడి దగ్గరికి వెళ్ళాడు.

"భంతే, తమరికి మా భాష నేర్పినవాడెవడో తప్పు నేర్పాడు. దాన్ని తేనె అంటారు. తేలు కాదు."

థేరుడు పాలీని పక్కన పెట్టి, కృష్ణ ఒడ్డున పుట్టినవాడిలా నిదానంగా తెలుగు అందుకున్నాడు.

"తెలుసు నాయనా. మీ ధాన్యకటకంలో ఆరేళ్ళు చదువుకున్నాను. వెళ్ళిన మూడోనాడు పంక్తిలో కూర్చుని, గిన్నె చాచి, సరిగ్గా అదే మాట అడిగాను."

ధమ్మిలుడు నోరు తెరిచాడు.

"మరి మావాళ్ళు ఏం చేశారు?"

"నవ్వారు," అన్నాడు ఆచార్యుడు. "అడిగింది తేలు. పోసింది తేనె."