మబ్బువలసలో కేశవుడు కూర్చున్న కథ

మైదానం ఎండలకు అలవాటు పడినవారు మొదటిసారి వచ్చి, "ఇది కూడా మన రాష్ట్రమేనా?" అని దుప్పటి కప్పుకుని అడిగే ఊరు మబ్బువలస. తూర్పు కనుమల్లో ఘాట్ రోడ్డు ఈ ఊరితో ఆగిపోతుంది. ఆ పైన గాలిమెట్ట. చలికాలం తెల్లవారుజామున మెట్ట మీద నుంచి చూస్తే కింద లోయంతా మబ్బు పరచుకుని ఉంటుంది. అది చూడటానికే జనం వస్తారు. గుడారాల్లో పడుకుని రాత్రంతా వణుకుతారు. వెదురు బొంగులో కాల్చిన కోడి తింటారు. తాడుకు వేలాడుతూ ఈ కొండ నుంచి ఆ కొండకు జారుతారు. సంతలో పిప్పళ్లు కొని, వాటిని ఏం చేసుకోవాలో తెలియక ఇంటికి పట్టుకెళతారు. ఆలయ కమిటీకి వీటిలో దేనిమీదా అభ్యంతరం లేదు. ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా పోయేవారి మీద మాత్రం కాస్త కోపం ఉంది. ఈ చిన్న పుస్తకం వారి కోసమే.

శ్రీ కేశవస్వామి ఆలయం గాలిమెట్టకు వెళ్లే కాలిబాటలో, సగం దారికి ముందే ఉంటుంది. తక్కిన చోట్ల కేశవుడు నిలబడి దర్శనమిస్తాడు. ఇక్కడ నల్లరాతి మీద కూర్చుని, కుడికాలు ముందుకు చాపి, ఎడమచేత్తో మోకాలు పట్టుకుని ఉంటాడు. శంఖం, చక్రం, పద్మం ఉన్నాయి గాని గద లేదు. స్వామి నోరు కొద్దిగా తెరుచుకుని ఉంటుంది. అది మందహాసమని కింద నుంచి వచ్చిన పండితులు రాశారు. ఆయాసమని ఊరివాళ్లు అంటారు. ఈ వివాదంలో ఇద్దరి మాటా నిజమేనని కథ చదివితే తెలుస్తుంది. ఊళ్లో ఎవరూ పూర్తి పేరు పలకరు. వాళ్లకు ఆయన కూకున్న సామి.

పూర్వం ఇక్కడ నాలుగు గుడిసెలు, కొన్ని మేకలు, ఒక ఊట మాత్రమే ఉండేవి. కొండ పొడుగునా మరెక్కడా నీళ్లు లేవు. ఆ ఊట ఉంది కాబట్టే మనుషులు ఉన్నారు. గాలిమెట్ట శిఖరం మీద తుంగముని అనే తపస్వి ఉండేవాడు. దేవుడన్నవాడు అందరికంటే పైన ఉండాలని, ఆయన తలకు మించి ఆకాశం తప్ప మరేదీ ఉండకూడదని ముని పట్టుదల. అందుకని శిఖరం మీద తన చేతులతోనే గుడి కట్టాడు. అందులో రాతిపీఠం చెక్కి, అద్దంలా నునుపు తేలేదాకా ఏళ్ల తరబడి అరగదీశాడు. ఎక్కినవాడు మళ్లీ కిందికి దిగలేదు. దుంపలు, తేనె, సొరబుర్రతో నీళ్లు ఊరివాళ్లే మోసుకెళ్లి ఇచ్చేవారు. కొండ ఎంత నిటారుగా ఉంటుందో ఆయన పూర్తిగా మరిచిపోయాడని పెద్దలు చెబుతారు.

ఎట్టకేలకు కేశవుడు కలలో కనిపించి, వస్తానన్నాడు. గరుడవాహనానికి స్వాగత ఏర్పాట్లు ఎలా చేయాలని ముని అడిగాడు.

"గరుడుడి మీద రాను. ఎప్పుడు చూసినా ఎగిరి రావడమే అయిపోతోంది. ఈ కొండను నా కాళ్లతో నేను ఎక్కాలని ఉంది," అన్నాడు స్వామి. "పౌర్ణమి నాడు బాటసారిలా బయలుదేరుతాను. ఎక్కడ మొదట కూర్చుంటే అక్కడే ఉండిపోతాను."

మునికి సంతోషంతో పాటు గుబులు కూడా పట్టుకుంది. ఎందుకంటే ఆ ఊరి ఆచారం ఆయనకు తెలుసు. కొండ మీద ఎవరు కనబడినా ముందు పీట వేసి, ఆ తర్వాతే పలకరిస్తారు. తెల్లారగానే ఊరందరినీ పైకి పిలిపించి సంగతి చెప్పాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నమ్మకం చాలక, "ఆయన దారిలో కూర్చున్నాడో, మీ ఊట ఎండిపోతుంది," అని శాపం కూడా పెట్టి పంపాడు.

 ఊరివాళ్లు గబగబా దిగి వచ్చి పీటలన్నీ అటకల మీద దాచేశారు. దారి పక్కన కూర్చోవడానికి వీలుగా కనబడిన ప్రతి రాతి మీదా ముళ్లకంప పరిచారు. నులకమంచాలు గోడలకు నిలబెట్టారు. బాటసారితో మాట్లాడే పని సుక్రి అనే మేకలకాపరికి అప్పగించారు. ఆమె గుడిసె బాటను ఆనుకునే ఉంటుంది. పైగా ఆమె మాటకు ఎదురుచెప్పి నెగ్గినవారు ఆ చుట్టుపక్కల లేరు.

పౌర్ణమి నాడు మధ్యాహ్నం దాటాక స్వామి వచ్చాడు. పట్టుపంచె, కాళ్లకు పావుకోళ్లు. ఈనాటికీ పట్నం చెప్పులతో కొండెక్కడానికి వచ్చేవారిని చూసినప్పుడు కమిటీవారికి ఆ పావుకోళ్లే గుర్తొస్తాయి. బాటసారి వేషం కదా అని స్వామి రెండు చేతులు దాచుకున్నాడు. సామాను మాత్రం తగ్గించుకోలేదు. నాలుగు చేతులతో మోసేది రెండు చేతులతో మోయాల్సి వచ్చింది. సుక్రి గుమ్మం దగ్గరికి వచ్చేసరికే ఒళ్లంతా చెమట. ముందుగా గద దించి ఆమె గోడకు ఆనించాడు. మళ్లీ దాన్ని ఎత్తుకునే ఉద్దేశం ఆయన ముఖంలో కనబడలేదు.

"అమ్మా, పైకి ఇంకెంత దూరం?" అని అడిగాడు.

"దగ్గిరే బాబూ. అదిగో, ఆ మలుపు తిరిగితే వచ్చీసినట్టే," అంది సుక్రి.

ఇది అబద్ధమని యాత్రికులు తొందరపడి అనుకోకూడదు. అలసినవాడికి దూరమని చెబితే ఆ మాట రాయిలా కాళ్లకు కట్టుకుంటుందని ఇక్కడివారి నమ్మకం. దగ్గరని చెబితే ఆ మాటే నడిపిస్తుంది. అందుకే ఎవరు ఎప్పుడు ఎక్కడ అడిగినా ఈ కొండ మీద జవాబు ఒక్కటే. సుక్రి మామూలు రోజుల్లోనైనా అదే చెప్పేది. ఆ రోజు ఊట కూడా ఆ మాట మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఇంకాస్త గట్టిగా చెప్పింది.

ఆకలిగా ఉన్న మనిషిని ఊరకే పంపడం ఆమెకు చేతకాదు. రాగి అంబలి ముంతతో ఇచ్చింది. స్వామి తాగుదామని చుట్టూ పీట కోసం చూశాడు.

"కూకుంటే అంబలి కడుపులోకి దిగదు బాబూ. మా కొండల్లో నిలబడే తాగుతాం," అంది.

ఇది మాత్రం శుద్ధ అబద్ధం. స్వామి నిలబడే తాగి, బాగుందని రెండోసారి అడిగి పుచ్చుకుని బయలుదేరాడు.

మలుపు తిరిగితే శిఖరం లేదు, ఇంకో ఎక్కుడు ఉంది. వెదురు కొట్టేవాడు కనబడ్డాడు. "దగ్గిరే," అన్నాడు. ఆ పై మలుపులో దుంపలు తవ్వే ఆడవాళ్లు కూడా దగ్గిరేనన్నారు. మూడో మలుపులో చెట్టు మీద తేనె తీస్తున్న మనిషి, అడిగిందెవరో చూడకుండానే, "దగ్గిరే," అన్నాడు. అక్కడి నుంచి శిఖరం స్పష్టంగా కనిపించింది. కింద నుంచి చూసినప్పటి కంటే ఎత్తుగా కనిపించింది. లోకాలన్నిటినీ మూడడుగుల్లో కొలిచినవాడు ఆ చెట్టు కింద నిలబడి, తన పావుకోళ్ల వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత గిరుక్కున వెనక్కి తిరిగి, వచ్చినదారినే దిగడం మొదలుపెట్టాడు. ఆ మొదటి మాట చెప్పిన మనిషినే నిలదీయాలని నిశ్చయించుకున్నాడు.

సుక్రి మేకలకు ఆకు వేస్తూ తల ఎత్తి చూస్తే ఎదురుగా స్వామి.

"అమ్మా, నువ్వు చెప్పిన మలుపు తిరిగాను. తర్వాతది తిరిగాను. ఆ పైదీ తిరిగాను. శిఖరం రాలేదు," అన్నాడు రొప్పుతూ.

సుక్రి ఏమాత్రం తడబడలేదు. "మరి ఎనక్కి ఎందుకొచ్చీసినావు బాబూ? నువ్వు ఎనక్కొచ్చీసినావు కాబట్టే అది దూరమైపోనాది. ఇంకో నాలుగడుగులు ఏసుంటే ఈపాటికి అక్కడుందువు," అని మందలించింది.

స్వామి ఎందరో మహాపండితుల వాదాలు విన్నాడు. ఇలాంటి వాదం మాత్రం ఎక్కడా వినలేదు. నవ్వొచ్చింది. అసలే ఆయాసం, దాని మీద నవ్వు. ఆపుకుందామంటే ఇంకా ఎక్కువైంది. మోకాలు పట్టుకుని వంగాడు. వెనక ఒక నల్లరాయి ఉంది. మేకలకు ఉప్పు పెట్టే రాయి. వాటి నాలుకల తడితో ఎప్పుడూ జిగటగా ఉండే ఆ రాతి మీద ఎవరు కూర్చుంటారులే అని ఊరివాళ్లు దానికి ముళ్లు పరచలేదు. స్వామి దాని మీదే కూలబడ్డాడు.

ఊట చప్పుడు ఆగిపోయింది.

పుట్టిన దగ్గర నుంచి వింటున్న చప్పుడు అది. లేకపోయేసరికి సుక్రి చేతిలోని ఆకు అక్కడే పడేసింది. పరిగెత్తుకెళ్లి చూస్తే రాళ్ల మధ్య తడి ఇంకిపోతోంది. అక్కడే నేల మీద పడి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఊరివాళ్లంతా చేరారు. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. కాని ఇక ఈ చోటు వదిలి పోవాలని అందరి ముఖాల్లోనూ ఉంది.

"లెగు బాబూ, నీకు పుణ్యముంటాది," అని ఆమె స్వామిని బతిమాలింది. శాపం సంగతంతా చెప్పింది.

స్వామి నవ్వు మాయమైంది. "కూర్చున్న చోటే ఉంటానని మాట ఇచ్చాను తల్లీ. లేవలేను," అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

పైన పూలదండ పట్టుకుని నిలబడ్డ తుంగమునికి కింద నుంచి నవ్వు వినబడింది. ఆయన అనుమానంతో దిగడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి దిగడం.  మొదటి మలుపులోనే అలసి, ఒక రాతి మీద కూర్చోబోయి చటుక్కున లేచాడు. ముళ్లకంప. ఇంకో రాయి చూసుకున్నాడు. దాని మీదా అదే. తన ఆజ్ఞను ఊరివాళ్లు ఎంత శ్రద్ధగా పాటించారో ఆయనకు కొండ పొడుగునా తెలిసివచ్చింది. పొద్దు వాలేవేళకు సుక్రి గుమ్మం ముందుకు వచ్చి, రాతి మీద కూర్చున్న స్వామిని చూసి, పెద్దగా అరవబోయాడు. గొంతు ఎండి మాట రాలేదు. నీళ్లు కావాలని సైగ చేశాడు.

సుక్రి ఖాళీ సొరబుర్ర ఆయన చేతిలో పెట్టింది. "మీ శాపమే బాబూ," అంది.

ముని ఆ బుర్రను తిరగేసి చూశాడు. చుట్టూ ఉన్న పిల్లల్ని, రాళ్లు నాకుతున్న మేకల్ని చూశాడు. పెట్టిన శాపం వెనక్కి తీసుకోవడం పెట్టినవాడి వల్ల కూడా కాదు.

అప్పుడు స్వామి అన్నాడు: "మునీ, దారిలో కూర్చుంటే అన్నావు. ఇది దారి అయితే నీ శాపం నిలుస్తుంది. దారి ఇక్కడితో అయిపోయింది అంటావా, నేను దారిలో కూర్చోనట్టే. నా కోసం కష్టపడ్డది నువ్వు. చెప్పవలసింది కూడా నువ్వే."

తుంగముని తల ఎత్తి శిఖరం వైపు చూశాడు. అక్కడి పీఠం మీద ఆయన జీవితమంతా అరిగిపోయింది. దాన్ని కాదనుకోవడం ఆయనకు ప్రాణం తీసినట్టుగా ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి స్వామి వైపు తిరిగి, ఎండిన గొంతుతోనే, ఈ కొండవాళ్లు చెప్పినట్టుగానే చెప్పాడు.

"వచ్చేశారు స్వామీ. ఇదే."

ఊట గలగలమంది. సుక్రి మొదటి బుర్ర నీళ్లు మునికే ఇచ్చింది. ఆయన తాగి, తల ఎత్తేసరికి, రాతి మీద ఉన్నది విగ్రహం. నోరు అలాగే తెరుచుకుని ఉంది. ముని మళ్లీ పైకి ఎక్కలేదు. ఆయన కట్టిన గుడి ఖాళీగానే ఉంది. అక్కడి నుంచి మబ్బులు బాగా కనబడతాయి.

గాలిమెట్టకు వెళ్లేవారు ముందు ఇక్కడ కూర్చుని "వచ్చేశాం" అని చెప్పి, ఊటనీటి తీర్థం పుచ్చుకోవడం నేటికీ ఆచారం. ప్రసాదం రాగి అంబలి. దాన్ని నిలబడే తాగాలి. ఎందుకని అడిగితే కడుపులోకి దిగదని చెబుతారు. ఇక్కడ కూర్చుని లేచినవారికి మోకాళ్ల బాధలు తగ్గుతాయని, ఎంతకీ తెమలని పనులు ఒక కొలిక్కి వస్తాయని భక్తుల అనుభవం. శిఖరం దాకా వెళ్లినవారికి వేరే పుణ్యమేమీ లేదు. ఫోటోలు మాత్రం వస్తాయి.

గుడి దాకా కూడా ఎక్కలేనివారి కోసం ఒక పద్ధతి ఉంది. సాయంత్రం తలుపులు వేసేముందు అర్చకుడు రాగిచెంబుతో బాట వెంట కిందికి దిగుతాడు. ఎవరు ఎక్కడ ఆగిపోయి కూర్చుంటే తీర్థం అక్కడికే వెళుతుంది. కిందటి చలికాలం ఒక రిటైరైన రైల్వే గార్డు గారు పిల్లలతో వచ్చారు. పిల్లలు మెట్ట మీదకు పోయారు. ఆయన మోకాలు గుడికి బాగా కిందనే పట్టేసింది. శాలువా కప్పుకుని బాట పక్కన కూర్చుని, వచ్చేపోయేవారందరికీ తాను ప్రకృతిని చూస్తున్నానని చెబుతూ వచ్చారు. పొద్దు వాలేటప్పుడు మన అర్చకుడు కిల్లో బలరాం చెంబుతో దిగి వచ్చాడు.

"గుడి ఇంకెంత దూరమయ్యా?" అని ఆయన అడిగారు. ఆ అడగడంలోనే ఏడుపు ఉంది.

బలరాం ఆయన అరచేతిలో తీర్థం పోశాడు. "వచ్చీసినారు బాబూ. ఇదే," అని ఆయన పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు గుడి తలుపులు కాస్త ఆలస్యంగా వేశారు.