ముళ్ల లంకలో పందెం పుంజు

ఏలేటికోట జమీందారు రణభీమరాజుగారికి ఒక ఉదయం తన ప్రజలంతా పందెం పుంజుల్లా ఉండాలని బుద్ధి పుట్టింది.

దానంతటది పుట్టలేదు లెండి. పుట్టించినవాడు డాక్టర్ దండపాణి. రోగాలు కుదిర్చే డాక్టరు కాదు, సీమలో చదువుకొచ్చిన డాక్టరు. అక్కడెవరో దొర పిట్టలనీ తాబేళ్లనీ ఏళ్ల తరబడి చూసి, జీవులు ఎలా మారుతూ వచ్చాయో పుస్తకం రాశాడట. ఆయన రాసింది ఒకటి, ఈయన ఓడ దిగేసరికి మోసుకొచ్చింది ఇంకొకటి.

"బలమున్నది బతకాలి, లేనిది పోవాలి. ఇది ప్రకృతి శాసనం ప్రభూ! బలహీనుడికి అన్నం పెట్టడం జాతికి ద్రోహం," అన్నాడు దండపాణి.

ప్రకృతి సంగతేమో గానీ, జాతి అనగానే రాజుగారి మీసం లేచింది. జాతి గురించి ఆయనకు బాగా తెలుసు, కోళ్లలో. వెంటనే దివాణం నౌకర్లందరికీ నల్లచొక్కాలు కుట్టించారు. పొద్దున్నే అందరూ కుడిచెయ్యి బారజాచి జై కొట్టాలి. చెయ్యి వణికిన ముసలివాళ్లకు తిట్లు.

ఆ తర్వాత చాటింపు. ఏటి ఒడ్డున ఉన్న గంజి సత్రం రేపటితో మూత. అక్కడ తినే కుంటి, గుడ్డి, ముసలీ ముతకా అందరినీ పాయ దాటించి, అవతలి ముళ్ల లంకలో వదిలేస్తారు. బతికేవాళ్లు బతుకుతారు.

"ధర్మగంజి ఒక్క గుక్క తాగినవాడైనా సరే లంకకే. ఎవరికీ మినహాయింపు లేదు," అని చివర కలిపించాడు దండపాణి.

కొలువులో ఒక మూల గవరయ్య నిలబడి ఉన్నాడు. రాజుగారిని నవ్వించడం ఆయన ఉద్యోగం. ఒక కాలు కుంటి. తల్లి పోయిన పసివాణ్ణి ఆ సత్రంలోనే అచ్చియ్యమ్మ చేరదీసి, తన చేత్తో గంజి పట్టి పెంచింది. ఇప్పుడామెకు కళ్లు కనబడవు. రేపు ఆమెను ముళ్లలో వదిలేస్తారు. అయినా గవరయ్య మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

"డాక్టరుగారూ, ఈ శాస్త్రానికి రుజువేమిటండీ?"

"అదుగో రుజువు!" అని రాజుగారి ఒళ్లో పుంజును చూపించాడు దండపాణి. వజ్రం దాని పేరు. ఎర్రటి డేగ రకం పుంజు, ఓడిపోవడం ఎరగదు. "అది ఎవరి దయ మీద బతుకుతోంది? తన బలం మీద!"

అప్పుడు ఒక నౌకరు వజ్రానికి బాదంపప్పు పొట్టు తీస్తున్నాడు. ఇంకొకడు దాని తొడలకు వేడినీళ్ల కాపడం పెడుతున్నాడు. వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు.

"అయితే ప్రభూ, ముందు వజ్రాన్నే లంకలో వదులుదాం. బలమంటే ఏమిటో జనం కళ్లారా చూస్తారు. మధ్యాహ్నం దాకా అది అక్కడ నిలిస్తే, నన్నే మొదటి పడవ ఎక్కించండి."

రాజుగారు పుంజును గట్టిగా పట్టుకున్నారు. "నక్కలుంటాయేమోనోయ్!"

"తమ వజ్రం ముందు నక్కలెంత ప్రభూ!" అన్నాడు దండపాణి. రాజుగారి మీసం మళ్లీ లేచింది.

మర్నాడు పొద్దున వజ్రాన్ని లంకలో వదిలారు. రాజుగారు ఇవతలి ఒడ్డున కుర్చీ వేయించుకుని దుర్భిణీ పట్టారు. సత్రం వాళ్లంతా మూటలు కట్టుకుని, ఆఖరి గంజి కోసం కూర్చున్నారు.

వజ్రం బురదలో ఒక అడుగు వేసి, కాలు తీసేసింది. ఇంతలో పొదలోంచి ముంగిస తల బయట పెట్టింది. వజ్రం రొమ్ము విరిచి, ఒక కాలు ముందుకు చాచి, అలాగే నిలబడిపోయింది.

"ఏం చేస్తోందోయ్ అది?"

"కాలికి కత్తి కట్టమంటోంది ప్రభూ. ప్రకృతి కాస్త ఆలస్యం చేస్తున్నట్టుంది."

రాజుగారు కుర్చీలోంచి లేచారు. పడవ కోసం కేకెయ్యబోతుండగా సత్రంలో కంచు పళ్లెం మోగింది, గంజి వేళయిందని.

రోజూ వజ్రాన్ని ఆ పాయలోనే ఈత కొట్టిస్తారు. ఈత అయ్యాక నౌకరు అలాంటి కంచు పళ్లెమే మోగించి బాదంపప్పుకు పిలుస్తాడు. ఈ సంగతి అందరికీ తెలుసు, గుర్తుపెట్టుకున్నవాడు గవరయ్య ఒక్కడే.

వజ్రం దబ్బున నీళ్లలోకి దూకింది.

"చూశారా, ఈదుతోంది! అదీ బలం!" గంతులేశాడు దండపాణి.

"ఎటు ఈదుతోందో కూడా చూడండి డాక్టరుగారూ!"

పుంజు ఒడ్డెక్కి తిన్నగా సత్రంలోకి పరిగెత్తింది. అచ్చియ్యమ్మ చేతికి ఏదో తడిగా, వణుకుతూ తగిలింది. "అయ్యో నా తండ్రీ, ఏ పాపిష్టివాడు వదిలేశాడురా నిన్ను?" అంటూ కొంగుతో తుడిచి, తన చిప్పలో గంజి మెతుకులు దోసిట్లో పట్టింది. వజ్రం ఆత్రంగా తింటోంది. పరుగెత్తుకొచ్చిన రాజుగారికి కళ్లు చెమర్చాయి.

గవరయ్య రేవు వైపు తిరిగి కేకేశాడు.

"పడవ సిద్ధం చెయ్యండోయ్! ధర్మగంజి తాగినవాడు ఇంకొకడు దొరికాడు!"

"ఎవడ్రా నా వజ్రాన్ని పంపేది?" రాజుగారు గర్జించారు.

"మినహాయింపు లేదన్నారు కదండీ డాక్టరుగారు."

దండపాణి రాజుగారి వైపు తిరిగాడు. "అది... అంటే... దాన్ని పెంచింది ప్రభువులు కదా..."

"తమరి సీమ చదువు ఎవరి ఖర్చండీ?"

"ప్రభువుల దయే..."

"అయితే ప్రభూ, పడవలో డాక్టరుగారికీ చోటుంచమంటారా?"

రాజుగారు ఒక్క క్షణం దండపాణి మొహం చూశారు. అంతే, పొట్ట పట్టుకుని నవ్వారు. సత్రమంతా నవ్వింది. చాటింపు అక్కడికక్కడే రద్దయింది. వజ్రం బాదంపప్పులో సగం ఇకమీదట సత్రానికని ఆజ్ఞ అయింది. దండపాణి చేతికి గంజి గరిట ఇచ్చారు.

"నీకేం కావాలో కోరుకోవోయ్ గవరయ్యా!"

"ఆ నల్లచొక్కాలన్నీ సత్రం వంటింటికి ఇప్పించండి ప్రభూ. గంజి కుండలు దించడానికి మసిగుడ్డలు కావాలి. అవెలాగూ నల్లగానే ఉన్నాయి!"