తలకిందులుగా నాటిన గింజ

ఏటికి అటూ ఇటూ పల్లెలున్న ఒకానొక రాజ్యంలో ప్రచండసేనుడనే రాజుండేవాడు. తనకు తెలియని శాస్త్రమే లేదని ఆయన నమ్మకం. ఆయన కొలువులో మాటకారి సింగన.

రాజుగారి ఊళ్లోనే నారప పంతులనే ఆయన బడి నడిపేవాడు. పిల్లల చేత ఏదీ వల్లె వేయించడు. "మీరే చేసి, చూసి చెప్పండర్రా" అంటాడు. ఇదేం చదువో తేల్చేద్దామని రాజు ఆ పిల్లల్నీ, ఆస్థాన పండితుడి శిష్యుల్నీ సభకు పిలిపించాడు.

"గింజను తలకిందులుగా నాటితే వేరు ఎటు పోతుంది?" అని రాజు అడిగాడు.

"పైకే ప్రభూ!" అని శిష్యులు శ్లోకంతో సహా గడగడా అప్పజెప్పారు. రాజు తల పంకించాడు.

పంతులు బడిలోని అక్కమ్మ అనే పిల్ల మాత్రం, "నాలుగు రోజులు గడువివ్వండి. నాటి చూసి చెబుతాం" అంది.

సింగన నోరు ఊరుకుంటేనా! "అయితే జవాబు మొలిచేదాకా ప్రభువులు నీళ్లు పోస్తూ కూర్చోవాలి కాబోలు!" అన్నాడు. సభంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే రాజు ఆ బడి మూయించి, పిల్లల్ని పండితుడి దగ్గరకు తోలించాడు.

ఇంటికెళ్లాక సింగనకు మనసొప్పలేదు. పెరట్లో నాలుగు చిక్కుడు గింజలు తలకిందులుగా పాతాడు. నాలుగో రోజు తవ్వి చూస్తే వేళ్లన్నీ వంపు తిరిగి కిందికే పోయాయి. అయ్యో, ఒక్క వెటకారానికి బంగారం లాంటి బడి పోగొట్టానే అని కుమిలిపోయాడు.

అయినా 'తమరిది తప్పు' అని రాజుతో ఎవడంటాడు? అదను కోసం ఏడాది కాచుకున్నాడు.

వానలకు ఏరు పొంగింది. అవతలి ఒడ్డున జాతరకు రాజు బయల్దేరాడు. రేవులో సింగన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, పడవవాళ్లకు తమ పద్ధతిలోనే పరీక్ష పెట్టాను. ఒకడు 'ముందు నీటి వడి చూడాలి, గడ వేసి లోతు చూడాలి' అన్నాడు. వెళ్లగొట్టాను. ఇదిగో, వీడు పడవ శాస్త్రం నూరు శ్లోకాలూ తప్పు లేకుండా అప్పజెప్పాడు. ఇంతవరకూ తెడ్డు పట్టలేదనుకోండి. దయచేయండి!"

పడవలో పెట్టబోయిన కాలు రాజు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఓరి నీ! నన్ను ముంచుతావురా? ఆ మొదటివాణ్ణి పిలిపించు!"

"అలాగే ప్రభూ. వాడితో పాటు నారప పంతుల్ని కూడా పిలిపించమంటారా?" అంటూ సింగన నాలుగు రోజుల కిందట మళ్లీ నాటి, పొద్దున్నే పెరట్లో తవ్వి తెచ్చిన మొలకలు దోసిట్లో చూపించాడు. "ఇవి తలకిందులుగా నాటినవి. వేరు ఎటు పోయిందో తమరే చూడండి."

రాజు మొలకల వంక చూశాడు, ఏటి వంక చూశాడు, పకపకా నవ్వాడు. "నీ తెలివి తగలెయ్య! ఏం కావాలో కోరుకో."

"ఆ బడి కావాలి ప్రభూ."

బడి తెరిచారు. సింగన సంబరంగా వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పంతులు ఒక గింజ చూపించి, "దీన్ని పక్కకు పడుకోబెట్టి నాటితే ఏమవుతుందర్రా?" అని అడిగాడు.

ఏడాదిగా పండితుడి ముందు కూర్చున్న పిల్లలు చేతులు కట్టుకుని తలలు వంచుకున్నారు. చివరికి అక్కమ్మే లేచింది.

"తమరే చెప్పండి పంతులుగారూ. వల్లె వేసుకుంటాం."