లింగన్న కట్టిన రాక్ బ్యాండు

కొండవాలు అడవిలో లింగన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. చెదపుట్టలు తవ్వుకోవడం, ఇప్పపూలు ఏరుకు తినడం, ఎవరైనా పాడుతుంటే కూర్చుని వినడం అతని పనులు. తనకి మాత్రం పాట రాదు. నోరు తెరిస్తే కుందేళ్ళు పరుగు తీసేవి.

ఒక ఎండాకాలం అడవి అంచున ఉన్న బంగళాకి పట్నం కుర్రాళ్ళు వచ్చి రాక్ బ్యాండు వాయించారు. లింగన్న పొదచాటున కూర్చుని విన్నాడు. ఒకడు గొంతెత్తి పాడుతున్నాడు, ఒకడు డ్రమ్ములు బాదుతున్నాడు, ఇంకొకడు లావుపాటి తీగల గిటారు మీటుతుంటే ఆ మోత నేరుగా లింగన్న కడుపులోకి దిగింది. అప్పటినుంచి అతనికి వేరే ధ్యాస లేదు. తనకి నచ్చిన పాటగాళ్ళందర్నీ ఒకచోట చేర్చి అలాంటి బ్యాండు కట్టాలి.

పాటకి కోయిల ఒప్పుకుంది. డ్రమ్ములకి వడ్రంగిపిట్ట దొరికింది. బోలు మద్దిమాను మీద అది ముక్కుతో వాయిస్తే లోయ అవతలికి వినపడేది.

"మరి ఆ లావుతీగల మోతకి ఎవరు మామా?" అని అడిగింది కోయిల.

"బుడగయ్య."

వడ్రంగిపిట్టకి నవ్వాగలేదు. "గోదురుకప్ప బుడగయ్యా? ఆయన వాన పడితేగానీ మట్టిలోంచి లేవడు. వాన పడ్డాక కోయిల నోరు విప్పదు. ఇద్దర్నీ ఒక్కచోట పాడించడం ఎవరి తరం?"

"అడవిదున్నని పిలుద్దాం. వాడి గొంతూ లావే కదా," అంది కోయిల.

"వద్దు. పోయిన వానాకాలం బుడగయ్య పాట విని నేను ఒళ్ళు మరిచిపోయాను. నా బ్యాండులో ఆయనే ఉండాలి."

"అయితే వానలదాకా ఆగు."

"అప్పటికి నీ గొంతు మూగబోతుంది కదే!"

ఆగడం లింగన్న వల్ల కాలేదు. మర్నాడు ఏనుగు పెద్దయ్య దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దయ్యా, ఎండిన మడుగులో దుంపలున్నాయి. నేల గట్టిపడిపోయింది. కాసిని నీళ్ళు చల్లిపెడతావా?"

"దుంపలకేనా?"

"దుంపలకే."

పెద్దయ్య మంచివాడు. వాగులో మిగిలిన నీళ్ళు తొండంతో తెచ్చి తెచ్చి పొద్దువాలేదాకా మడుగంతా తడిపాడు. ఆయన వెళ్ళగానే లింగన్న వడ్రంగిపిట్టని పిలిచి, "డ్రమ్ములు ఒకసారి సరిచూసుకో. ఉరిమినట్టు వాయించు," అన్నాడు. మద్దిమాను ఉరిమింది.

తడిమట్టి కదిలింది. ముందు రెండు కళ్ళు, ఆ తర్వాత పసుపుపచ్చని ఒళ్ళు బయటికొచ్చాయి.

"వానొచ్చేసిందా లింగన్నా? ఈ ఏడు తొందరగానే వచ్చిందే!"

"వచ్చేసింది బుడగయ్యా. పాడు."

"మబ్బులేవీ? చుక్కలు కనిపిస్తున్నాయే."

"కొండ వెనకున్నాయి. నువ్వు పాడితే దిగుతాయి."

బుడగయ్య గొంతు కింద నీలం బుడగలు పొంగాయి. అతని పాట నేలలోంచి లేచినట్టు లేచింది. కొమ్మ మీద కోయిల అందుకుంది. వడ్రంగిపిట్ట దరువేసింది. ఎండాకాలపు గొంతూ వానాకాలపు గొంతూ కలిసి పాడటం ఆ అడవిలో ఎవరూ ఎన్నడూ విని ఎరగరు. జింకలు మేత మానేసి నిలబడిపోయాయి. లింగన్న కళ్ళవెంట నీళ్ళు కారాయి.

పాట అయ్యాక బుడగయ్య చుట్టూ చూశాడు. "రేవమ్మ రాలేదేం? నేను పిలిస్తే మా ఆవిడ ఎంత దూరాన్నుంచైనా వచ్చేదే."

లింగన్న గోటితో తడిమట్టిని గీరాడు.

"వాన రాలేదు కదూ?"

"ఒక్క పాట కోసం బుడగయ్యా... అంతే."

బుడగయ్య నిట్టూర్చాడు. "సరేలే. పాట బాగా కుదిరింది. ఇక నన్ను మట్టిలోకి పంపించు. నా బొరియ నీళ్ళకి కూలిపోయింది. పైపైన తడేగానీ కింద నేల రాయిలా ఉంది, నా కాళ్ళకి తెగడం లేదు. నీ గోళ్ళతో ఒక గుంట తవ్విపెట్టు."

"అదెంత పని! పొద్దున్నే తవ్వుతా. ఇప్పుడు సంబరంలో నాకు చేతులాడ్డం లేదు."

ఆ సంబరంలోనే ఇప్పచెట్టు కిందికి వెళ్ళి కడుపునిండా పూలు తిన్నాడు. మత్తుగా నిద్రపోయాడు. లేచేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. మడుగు మళ్ళీ నెర్రెలు విచ్చింది. ఒక నెర్రె పక్కన బుడగయ్య ప్రాణం లేకుండా ఎండుటాకులా పడి ఉన్నాడు. వెనక్కాళ్ళతో నేలని గీరిన గీతలు చుట్టూ ఉన్నాయి. లింగన్న అప్పుడు తవ్వాడు. చెదపుట్టని రెండు దెబ్బల్లో పగలగొట్టే గోళ్ళకి అది ఎంతోసేపు పట్టలేదు. బుడగయ్యని ఆ గుంటలో పడుకోబెట్టి మట్టి కప్పాడు.

"మమ్మల్ని కూడా ఈ పాపంలోకి లాగావు," అని వడ్రంగిపిట్ట ఆ మాను వదిలిపెట్టి పోయింది. కోయిల కూడా ఎగిరిపోయింది. దారిలో ఎదురైన పెద్దయ్య, "దుంపలు దొరికాయా లింగన్నా?" అని ఆప్యాయంగా అడిగాడు. లింగన్న తలొంచుకుని పక్కదారి పట్టాడు.

కొన్నాళ్ళకి అసలు వానలు వచ్చాయి. మడుగు నిండింది. కప్పలన్నీ గోల చేస్తుంటే రేవమ్మ గట్టెక్కి వచ్చింది.

"లింగన్నా, మా ఆయన గొంతు వినపడ్డం లేదు. నువ్వేమైనా చూశావా?"

లింగన్న ఏదీ దాచుకోలేదు. అంతా చెప్పాడు. రేవమ్మ మడుగు వైపు తిరిగింది.

"బాగా పాడాడా?" అని అడిగింది.

"అంత బాగా ఎప్పుడూ పాడలేదమ్మా."

"పాడే ఉంటాడు. నన్ను పిలిచాడు కదా," అంది రేవమ్మ. "ఆ ఒక్కసారే నేను వినలేదు."

ఆమె నీళ్ళలోకి దిగిపోయింది. ఆ వానాకాలమంతా మడుగు మోగుతూనే ఉంది. లింగన్న మాత్రం గుహలో చెవులు మూసుకుని పడుకున్నాడు.

మనకి నచ్చిన గొంతు మన కోసమే పుట్టిందనుకుంటే, దాన్ని వినే భాగ్యం మనకే కాదు, అది ఎవరిని పిలుస్తోందో వాళ్ళకీ లేకుండా పోతుంది.